ఆవగింజ ఇంటిపేరు

కూరగాయల బండి మీద క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ పక్కపక్కనే ఉంటాయి. ఆవాలు పోపులపెట్టెలో ఉంటాయి. వృక్షశాస్త్రం పుస్తకంలో మాత్రం ఇవన్నీ ఒకే పేరు కింద కనిపిస్తాయి: బ్రాసికా. చిటికెలో పదుల కొద్దీ ఇమిడిపోయే గింజల మొక్కనూ, కిలో బరువు తూగే ఆకుల ముద్దనూ ఒకే ప్రజాతిలో ఎందుకు చేర్చారు? ఏ ఆధారంతో చేర్చారు? అలా చేర్చడం సరైనదేనా? మొదటి రెండు ప్రశ్నలకూ జవాబులు ఉన్నాయి. మూడోదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. ఆ వాదన ఎటు తిరిగినా చివరికి ఆవగింజ దగ్గరికే వస్తుంది. అందుకే దీన్ని తీరిగ్గా చెప్పుకోవాలి.

శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక వచ్చినట్టే అన్నమాట. ఆవాల మొక్క బ్రాసికా జున్సియా, క్యాబేజీ బ్రాసికా ఒలరేసియా. ఇంటిపేరు ఒకటైతే వంశం కూడా ఒకటే అనుకుంటాం కదా, ఇవాళ్టి వర్గీకరణ శాస్త్రం కోరేదీ అదే. ఒక ప్రజాతిలో పెట్టిన జాతులన్నీ ఒకే పూర్వజాతి సంతానం కావాలి. ఆ సంతానంలో ఏ ఒక్కరినీ బయట వదిలెయ్యకూడదు. బ్రాసికా ఈ పరీక్షలో నెగ్గదు. ఎందుకు నెగ్గదో తెలియాలంటే 1753 నుంచి మొదలుపెట్టాలి.

పువ్వు చూసి చెప్పలేమా?

స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ ఆ ఏడాది ప్రచురించిన పుస్తకంతోనే మొక్కల రెండు మాటల పేర్లకు అధికారికంగా లెక్క మొదలవుతుంది. ఆయన పువ్వులోని కేసరాలు లెక్కపెట్టి మొక్కలను తరగతులుగా విడదీశాడు. ఆరు కేసరాలుండి, వాటిలో నాలుగు పొడుగ్గా, రెండు పొట్టిగా ఉన్న మొక్కలకు ఒక తరగతి పెట్టాడు. ఆవపువ్వు, ముల్లంగిపువ్వు, క్యాబేజీపువ్వు అన్నీ అందులోకే వచ్చాయి. నాలుగు పూరేకులు, అడ్డంగా నిలువుగా గీసిన రెండు గీతల్లా ఎదురెదురుగా ఉండటం వీటి మరో గుర్తు.

చిక్కల్లా ఏమిటంటే, ఈ కుటుంబంలో సుమారు 4000 జాతులుంటే దాదాపు అన్నిటి పువ్వులూ అలాగే ఉంటాయి. పువ్వు చూస్తే కుటుంబం వెంటనే తెలిసిపోతుంది, ప్రజాతి మాత్రం తెలియదు. గులాబీ, మందార, చిక్కుడు వేటికవి తేలిగ్గా గుర్తుపట్టే మనిషి కూడా ఇక్కడ తడబడతాడు. లిన్నేయస్ పువ్వు అడుగున ఉండే రక్షకపత్రాలను పట్టుకున్నాడు. అవి నిటారుగా నిలబడితే బ్రాసికా, బయటికి విచ్చుకుంటే సినాపిస్. ఆ లెక్కన మన ఆవాలూ, నల్ల ఆవాలూ సినాపిస్‌లోకి వెళ్ళాయి. అంటే శాస్త్రీయ నామం పుట్టిన రోజున ఆవగింజ క్యాబేజీ ఇంటి మనిషి కాదు.

1821లో జెనీవాకు చెందిన ఒగుస్తాఁ పిరామ్ ద కాండోల్ గింజ లోపలికి చూశాడు. అది గొప్ప ఆలోచన అనిపిస్తుంది నాకు. నాలుగు ఆవాలు రాత్రి నానబెట్టి పొద్దున తొక్క ఒలిస్తే ఆయన చూసింది ఎవరైనా చూడొచ్చు, భూతద్దం ఉంటే మరీ మంచిది. లోపల రెండు బీజదళాలు నిలువుగా మడత పడి, ఒకదాని మడతలో ఇంకొకటి ఒదిగి ఉంటుంది. ఆ మడత మధ్యలో మొలకవేరు పడుకుని ఉంటుంది. ఈ మడత ఉన్నవాటిని ఒక గుంపుగా చేర్చాడు ద కాండోల్. ఆవాలు, క్యాబేజీ, ముల్లంగి, టర్నిప్ అన్నీ ఆ గుంపులోవే. రెండు వందల ఏళ్ళ తర్వాత డీఎన్ఏ పరీక్షలు కూడా ఆ గుంపులో చాలా భాగాన్ని అలాగే నిలబెట్టాయి. సుమారు 50 ప్రజాతులున్న ఆ గుంపుకు ఇప్పుడు బ్రాసికే తెగ అని పేరు.

ఆ తెగ లోపల ప్రజాతుల హద్దులు గీయడానికి కాయలు పనికొచ్చాయి. ఆవమొక్క కాయ తొక్క మీద నడిమి ఈనె ఒక్కటే స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల ఆవాల కాయ మీద మూడో అంతకన్నా ఎక్కువో ఈనెలు తేలి ఉంటాయి. 1833లో విల్హెల్మ్ కోఖ్ నల్ల ఆవాలను బ్రాసికాలోకి తెచ్చాడు. 1859లో చెర్న్యాయెవ్ మన ఆవాలనూ అదే దారిన తెచ్చాడు. తెల్ల ఆవాలు సినాపిస్‌లోనే మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మన్ పండితుడు ఒట్టో ఎయుగేన్ షుల్ట్స్ ఈ తెగ మొత్తాన్నీ తిరిగి సర్దాడు. ఆ సర్దుబాటే చాలా దశాబ్దాలు నడిచింది.

ఘాటును బట్టి వర్గీకరించకూడదా?

సహజంగా వచ్చే ప్రశ్నే. ఆవపిండి ఘాటు ఇంకే దినుసుకూ లేదు. పొడి పిండి వాసన చూస్తే ఏమీ అనిపించదు, తడి తగలగానే ముక్కుకెక్కుతుంది. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విరిచే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి నీళ్ళు తగిలితే రెండూ కలుస్తాయి, ఘాటునూనె పుడుతుంది. మొక్కకు అది పురుగుల మీద ఆయుధం. కాగిన నూనెలో వేసిన ఆవాలకు ఆ ఘాటు రాదు, వేడికి ఎంజైమ్ ముందే చచ్చిపోతుంది గనక. ఆవ పెట్టిన కూరలో ముద్దను చివర్న, దించాక కలపమని పెద్దవాళ్ళు చెప్పడానికి కారణం ఇదే.

ఈ రసాయనాన్ని ఆధారం చేసుకుని స్వీడన్‌లో పుట్టి డెన్మార్క్‌లో పనిచేసిన శాస్త్రవేత్త రోల్ఫ్ డాల్‌గ్రెన్ 1975లో ఒక సాహసం చేశాడు. రూపంలో ఏ పోలికా లేని మొక్కల కుటుంబాలను ఆవ కుటుంబంతో కలిపి ఒక క్రమంలో పెట్టాడు. మునగ, బొప్పాయి అందులో ఉన్నాయి. మునగవేరు నలిపి వాసన చూసినా, బొప్పాయి గింజ కొరికినా ఆవ లాంటి ఘాటు తగులుతుంది. తర్వాతి కాలంలో డీఎన్ఏ ఆ కలయిక నిజమేనని తేల్చింది. మునగచెట్టు ఆవమొక్కకు దూరపు చుట్టమే.

కానీ అదే ఘాటు పుత్రజీవి చెట్టులోనూ ఉంది. దాని గింజలను దండగా గుచ్చి పిల్లల మెడలో వేస్తారు, మన అడవుల్లో కనిపించే చెట్టే. డీఎన్ఏ చూస్తే దానికీ ఆవాలకూ దగ్గరి సంబంధం లేదు. అది ఆ రసాయనాన్ని వేరుగా, తనంతట తానే తయారు చేసుకుంది. కాబట్టి ఘాటు కుటుంబాల స్థాయిలో చాలావరకు దారి చూపిస్తుంది, ఒక్కోచోట తప్పుదారి కూడా పట్టిస్తుంది. బ్రాసికా లోపల హద్దులు గీయడానికైతే అసలు పనికిరాదు, అక్కడ అందరికీ అంతో ఇంతో ఘాటు ఉంది.

పాత పుస్తకాల్లో కాంపెస్ట్రిస్ అని ఉంటుంది, అదేమైంది?

వ్యవసాయ పట్టభద్రులు చాలామంది అడిగే ప్రశ్న. ఉత్తరాదిలో పండే తోరియా, సర్సన్ పంటలకు మన పాఠ్యపుస్తకాలు చాలాకాలం బ్రాసికా కాంపెస్ట్రిస్ అని రాశాయి. ఇప్పుడు బ్రాసికా రాపా అంటున్నారు. లిన్నేయస్ వేరు ఊరే టర్నిప్‌కు రాపా అనీ, సన్నవేరు ఉండే పొలాల మొక్కకు కాంపెస్ట్రిస్ అనీ ఒకే పుస్తకంలో రెండు పేర్లు పెట్టాడు. వేరు లావు తప్ప రెండిటికీ మౌలికమైన తేడా లేదు, తేలిగ్గా సంకరమవుతాయి. రెండు పేర్లూ ఒకే రోజున పుట్టినవైతే, వాటిని మొదట కలిపిన మనిషి ఏ పేరు ఎంచుకుంటే అదే చెల్లుతుందని నియమం. 1833లో మెట్స్‌గెర్ రెండిటినీ కలిపి రాపా పేరు ఉంచాడు. అంతే, కాంపెస్ట్రిస్ పోయింది. చైనా క్యాబేజీ, పాక్‌చోయ్ కూడా రాపాలోవే, మామూలు క్యాబేజీలోవి కావు.

8, 9, 10 అనే అంకెల కథ ఏమిటి?

ఇక్కడితో రూపం చూసి చెప్పే శాస్త్రం ఆగి, కణం లోపలికి వెళ్ళే శాస్త్రం మొదలవుతుంది. బ్రాసికా కథలో ఇంత అందమైన ఘట్టం మరొకటి లేదు.

పుప్పొడిలోకి గానీ అండంలోకి గానీ చేరే క్రోమోసోములు నల్ల ఆవాలకు 8, క్యాబేజీకి 9, రాపాకు 10. మన ఆవాలకు 18. ఎథియోపియాలో పండే బ్రాసికా కారినేటాకు 17. బ్రాసికా నేపస్ అనే నూనెగింజల మొక్కకు 19. అమెరికాలో మనవాళ్ళ వంటింట్లో ఉండే కనోలా నూనె ముఖ్యంగా ఈ నేపస్ నుంచే వస్తుంది. 8కి 9 కలిపితే 17, 8కి 10 కలిపితే 18, 9కి 10 కలిపితే 19. లెక్క సరిపోయిందని నిర్ధారణ అయిపోదు, కాకతాళీయం కావచ్చు. మరి ఎలా రుజువు చేశారు?

జపాన్‌లో మోరినాగా తోషితారో 1920ల చివర్లో ఆవాలను రాపాతో సంకరం చేశాడు. పిల్లమొక్కకు ఆవాల నుంచి 18, రాపా నుంచి 10, మొత్తం 28 క్రోమోసోములు వచ్చాయి. పుప్పొడి తయారయ్యే సమయంలో ప్రతి క్రోమోసోమూ తన జోడీని వెతుక్కుని దాని పక్కన చేరుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే 10 జతలు కట్టాయి, 8 ఒంటరిగా మిగిలాయి. అంటే ఆవాల 18లో 10 రాపా క్రోమోసోములకు జోడీలన్నమాట. మిగిలిన 8 ఎవరివి? ఆవాలను నల్ల ఆవాలతో సంకరం చేస్తే మొత్తం 26 వచ్చాయి. వాటిలో 8 జతలు కట్టాయి, 10 ఒంటరివయ్యాయి. ఇక సందేహం అక్కర్లేదు. మన ఆవాలు రాపా, నల్ల ఆవాలు కలిసి పుట్టిన సంతానం.

మామూలుగా ఇలాంటి సంకరం గొడ్డుపోతుంది, జోడీ దొరకని క్రోమోసోములు పుప్పొడిని సరిగా తయారు కానివ్వవు. ఎప్పుడో ఒకసారి పొరపాటున క్రోమోసోములన్నీ రెట్టింపవుతాయి. అప్పుడు ప్రతిదానికీ తన నకలే జోడీగా దొరుకుతుంది, మొక్క గింజలు కాస్తుంది, ఒక కొత్త జాతి నిలబడుతుంది. పొలాల్లో, పొలం గట్ల మీద ఇలా జరిగింది. నేపస్ పుట్టి సుమారు 7500 ఏళ్ళే అయి ఉంటుందని జన్యు అధ్యయనాల అంచనా.

దీన్నంతా ఒక బొమ్మలోకి తెచ్చినవాడు నాగహరు యు. కొరియా తండ్రికి, జపాన్ తల్లికి 1898లో పుట్టాడు. కొరియాలో ఆయన్ను ఊ జాంగ్ చున్ అంటారు. 1935లో ప్రచురించిన వ్యాసంలో ఒక త్రిభుజం గీశాడు. మూలల్లో 8, 9, 10 ఉన్న మూడు జాతులు, భుజాల మీద వాటి సంకరాలు మూడు. ఊరికే గీయలేదు, రాపానూ ఒలరేసియానూ కలిపి నేపస్‌ను తన చేతులతో తయారు చేసి చూపించాడు. ప్రకృతి చేసిన జాతిని మనిషి మళ్ళీ చేయగలిగిన సందర్భం అది. 1950లో కొరియాకు వెళ్ళి అక్కడ విత్తనాల మీద పనిచేసి 1959లో చనిపోయాడు. రాపా క్రోమోసోములకు ఏ, నల్ల ఆవాలకు బి, క్యాబేజీకి సి అని అక్షరాలు పెట్టడం వాడుకైంది. ఆ లెక్కన మన ఆవాలు ఏఏబీబీ.

ఇద్దరిలో తల్లి ఎవరో కూడా తెలిసింది. ఆకులోని హరితరేణువులకు సొంత డీఎన్ఏ ఉంటుంది, ఈ మొక్కల్లో అది తల్లి వైపు నుంచే వస్తుంది. 1983లో జెఫ్రీ పామర్, ఆయన సహచరులు దాన్ని పోల్చి చూశారు. ఆవాల తల్లి రాపా, తండ్రి నల్ల ఆవాలు. ఎథియోపియా ఆవాలకేమో నల్ల ఆవాలే తల్లి.

అంటే మన పోపులపెట్టెలోవి నల్ల ఆవాలు కావా?

దాదాపు ఎప్పుడూ కావు. గింజ ముదురు రంగులో ఉంటుంది కాబట్టి అలా అంటారు గానీ, భారతదేశంలో ఆవాలుగా అమ్మేది చాలావరకు జున్సియానే. ఎక్కువగా రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌ల చలికాలంలో పండుతుంది. అసలైన నల్ల ఆవాల మొక్క మనిషి ఎత్తు దాటిపోతుంది, కాయలు పండగానే పగిలి గింజ రాలిపోతుంది. యంత్రంతో కోయడానికి అనువు కాదు. యూరప్‌లో కూడా ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా దాని చోటును జున్సియా ఆక్రమించింది.

మొక్కలు కనిపిస్తే తేడా పట్టడం కష్టం కాదు. నల్ల ఆవాల కాయలు పొట్టిగా, కాడకు అతుక్కున్నట్టు నిటారుగా ఉంటాయి. జున్సియా కాయలు పొడుగ్గా కాడకు దూరంగా చాచి ఉంటాయి. రాపాకు పై ఆకుల అడుగుభాగం కాడను చుట్టూ కావలించుకుంటుంది. ఈ రెండిటికీ అలా ఉండదు. ఇక రాపా, నేపస్ పూతలో ఉన్నప్పుడు చూడండి. రాపాలో విచ్చిన పువ్వులు మొగ్గలను దాటి పైకి లేస్తాయి. నేపస్‌లో మొగ్గలే పైన ఉంటాయి.

మరి బ్రాసికా పరీక్షలో ఎందుకు ఓడింది?

త్రిభుజం చూస్తే మూడు మూలలూ సమానమైన అన్నదమ్ముల్లా అనిపిస్తాయి. ఎనభైల చివర్లో, తొంభైల మొదట్లో హరితరేణువుల డీఎన్ఏతో ఈ తెగ వంశవృక్షం గీశారు. కెనడాలో సుజాన్ వార్విక్, ఎల్. డి. బ్లాక్ చేసిన పని వాటిలో ముఖ్యమైనది. అందులో బ్రాసికా రెండుగా చీలిపోయింది. రాపా, క్యాబేజీ ఒక కొమ్మ మీద ఉన్నాయి. నల్ల ఆవాలు ఇంకో కొమ్మ మీద, సినాపిస్ ఆర్వెన్సిస్ అనే పొలంకలుపు పక్కన ఉన్నాయి. నల్ల ఆవాలకు క్యాబేజీ కన్నా ఆ కలుపుమొక్కే దగ్గరి బంధువు. నల్ల ఆవాల పూర్వికులూ క్యాబేజీ పూర్వికులూ విడిపోయి లక్షల ఏళ్ళు దాటింది.

ముల్లంగి ఇంకో చిక్కు. దానిది వేరే ప్రజాతి, రఫానస్. కాయ పగలదు, పూసల్లా ఉబ్బి బెండులా ఉంటుంది. రూపం చూసిన ఎవరైనా వేరే పెడతారు. కానీ దాని డీఎన్ఏ బ్రాసికా కొమ్మల మధ్యే ఎక్కడో ఇరుక్కుంటుంది, ఏ డీఎన్ఏ చూస్తున్నారన్నదాన్ని బట్టి ఒక కొమ్మకో రెండో కొమ్మకో చేరుతుంది. 1920ల్లోనే రష్యాలో గెయార్గి కార్పెచెంకో ముల్లంగినీ క్యాబేజీనీ సంకరం చేసి, క్రోమోసోములు రెట్టింపై గింజలు కాసే మొక్కను సాధించాడు. రెండు వేర్వేరు ప్రజాతుల నుంచి సారవంతమైన కొత్త మొక్క రావడం అప్పట్లో సంచలనం. 1941లో స్టాలిన్ పాలన ఆయన్ను కాల్చి చంపింది. 42 ఏళ్ళు. ముల్లంగికీ క్యాబేజీకీ మధ్య హద్దు మనం అనుకున్నంత గట్టిది కాదని చేతల్లో చూపించిన మనిషి ఆయన.

అయితే పేర్లు మార్చెయ్యవచ్చు కదా?

రెండు దారులున్నాయి. మొదటిది అందరినీ కలిపెయ్యడం. అప్పుడు ముల్లంగి, తెల్ల ఆవాలు, ఇంకా ఎన్నో చిన్న ప్రజాతులు బ్రాసికాలోకి రావాలి. వందల పేర్లు మారతాయి, ప్రజాతి అన్నమాటకు పట్టు లేకుండా పోతుంది. రెండోది విడగొట్టడం. విడగొడితే బ్రాసికా అన్న పేరు ఎవరికి మిగలాలన్న తగవు రాదు, నియమావళిలో దానికి ఏర్పాటు ఉంది. ప్రతి ప్రజాతి పేరూ ఒక ప్రతినిధి జాతికి కట్టి ఉంటుంది. బ్రాసికాకు ఆ ప్రతినిధి క్యాబేజీ. ఎన్ని ముక్కలు చేసినా క్యాబేజీ ఉన్న ముక్కే బ్రాసికా. బయటికి వెళ్ళవలసింది నల్ల ఆవాలు.

పోనీ అది లిన్నేయస్ పెట్టిన సినాపిస్‌కే తిరిగి వెళ్ళవచ్చు గదా అంటే, సినాపిస్‌కు ప్రతినిధి తెల్ల ఆవాలు. అవి నల్ల ఆవాల పక్కన కాక విడిగా ఇంకోచోట పడుతున్నాయి. అందుకే 2021లో మిస్సోరి బొటానికల్ గార్డెన్‌కు చెందిన ఇహ్సాన్ అల్ షెహ్‌బాజ్ రామ్ఫోస్పెర్మమ్ అనే పాత, మరుగునపడ్డ పేరును తిరిగి వాడుకలోకి తెచ్చి నల్ల ఆవాలనూ ఆ పొలంకలుపునూ అందులో పెట్టాడు. ఆవ కుటుంబాన్ని ఇవాళ ఆయనంత లోతుగా తెలిసినవాళ్ళు అరుదు. వంశవృక్షం ప్రకారం ఆయన చేసింది తప్పు కాదు.

కానీ ఆవగింజను ఏం చెయ్యాలి? దాని సగం క్యాబేజీ కొమ్మది, సగం నల్ల ఆవాల కొమ్మది. తండ్రి వేరే ప్రజాతికి వెళ్ళిపోతే అది రెండు ప్రజాతుల సంకరం అవుతుంది. అలాంటివాటికి గుణకారపు గుర్తు ముందు పెట్టి, వేరే ప్రజాతి పేరు కట్టే వీలు నియమావళిలో ఉంది. ఎథియోపియా ఆవాలకూ అదే గతి. వంశవృక్షం అంటేనే కొమ్మలు విడిపోతూ పోవడం. రెండు కొమ్మలు తిరిగి కలిసి పుట్టిన మొక్కకు అందులో గీయడానికి చోటే లేదు. అందుకే బ్రాసికా తగవు పండితుల అలసత్వం వల్ల ఆగిపోయింది కాదని నేననుకుంటాను. ఈ మొక్కల చరిత్రే అలా ఉంది, ఏ ప్రజాతి హద్దు గీసినా ఆవమొక్క ఆ గీత మీదే నిలబడుతుంది.

నా మట్టుకు నాకు, పంటల విషయంలో పాత పేరు ఉంచడమే మేలనిపిస్తుంది. విత్తన బ్యాంకుల జాబితాలు, తెగుళ్ళ పరిశోధనలు, దిగుమతి నిబంధనలు, రైతుకు ఇచ్చే సిఫారసులు అన్నీ ఆ పేరు మీదే నడుస్తున్నాయి. ఒక రకంలో ఉన్న తెగులు నిరోధాన్ని ఇంకోదానిలోకి తేవాలనుకునే శాస్త్రవేత్తకు కావలసింది కూడా ఏ, బి, సి అక్షరాలే. ఏఏబీబీ ఉన్న ఆవాలకు ఏఏ ఉన్న రాపా నుంచి జన్యువు తేవడం తేలిక. సీసీ ఉన్న క్యాబేజీ నుంచి తేవాలంటే, ఆవాల్లో సి జట్టుకు జోడీ లేదు గనక, మధ్యలో నేపస్ లాంటి వారధి మొక్కను వాడాలి. అడవి జాతుల జాబితాల్లో కొత్త పేరును వాడటానికి మాత్రం అభ్యంతరం ఏముంది? ఇప్పటికే కొన్ని జాబితాలు మారాయి, కొన్ని మారలేదు. కాబట్టి నల్ల ఆవాల గురించి చదువుతున్నప్పుడు బ్రాసికా నైగ్రా, సినాపిస్ నైగ్రా, రామ్ఫోస్పెర్మమ్ నైగ్రమ్ అనే మూడు పేర్లు ఎదురైతే మూడూ ఒకే మొక్కవని గుర్తుపెట్టుకుంటే చాలు.